సబ్బుసొరుగు జలాశయం

చినకొండవలస సంక్షేమ బాలికల వసతి గృహానికి బట్టలుతికే యంత్రం మంజూరైందంటే మొదట వార్డెన్ గౌరీశ్వరే నమ్మలేదు. ఆ హాస్టలుకు పైనుంచి ఏది వచ్చినా సగమే వస్తుంది. మంచాలొచ్చిన ఏడు పరుపులు రాలేదు. ఫ్యాన్లొచ్చిన ఏడు కరెంటు లేదు. అలాంటిది వాషింగ్ మెషీన్ మాత్రం మూత, గొట్టం, వైరుతో సహా వచ్చి వంటింటి వెనక వరండాలో పెళ్ళికూతురిలా కూర్చుంది. వంటమనిషి ఎర్రమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పిడికి ఒక నిమ్మకాయ కట్టింది.

గౌరీశ్వరికి ఆ మెషీన్ మీద అంత మమకారం ఎందుకంటే, దానికి నీళ్ళు కాచుకునే గుణం ఉంది. ఆ వానాకాలం హాస్టల్లో గజ్జి పట్టుకుంది. ఒక పిల్ల గోక్కోవడం మొదలుపెడితే గది మొత్తం గోక్కుంటోంది. ఏడో తరగతి హైమకైతే వేళ్ళ సందుల్లో పుండ్లు పడి, కలానికి గుడ్డపేలిక చుట్టి పట్టుకుని రాస్తోంది. మందు ఇచ్చిన డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "మందు రాసినంత మాత్రాన పోదండీ. అదే రోజు దుప్పట్లు, బట్టలు అన్నీ మరిగే నీళ్ళలో ఉతకాలి. లేదంటే ఈ వారం తగ్గుతుంది, పై వారం తిరిగొస్తుంది." ఎండ చూద్దామంటే లేదు. కట్టెలు తడిసిపోయాయి. గ్యాసు వంటకే బొటాబొటీ. ఎనభై మంది పిల్లల దుప్పట్లకు వేడినీళ్ళు ఇవ్వగలిగింది ఆ మెషీన్ ఒక్కటే.

ఇచ్చింది కూడా, ఓ పది రోజులు. ఆ తర్వాత పేచీ మొదలుపెట్టింది. మెషీన్ పైభాగంలో ఎడమపక్క సబ్బుపొడి వేసే సొరుగు ఒకటి ఉంటుంది. ఉతుకు అయిపోయేసరికి అందులో నీళ్ళు లోపలికి దిగిపోవాలి. ఇక్కడ దిగడం లేదు, సొరుగులోనే నిలబడిపోతున్నాయి. మర్నాడు ఆ నీళ్ళలో పొడి వేస్తే అది రాగిజావలా ముద్దకట్టి అక్కడే కూర్చుంటోంది. లోపల దుప్పట్లు సబ్బు ముఖం చూడకుండానే తడిసి, పిండుకుని, పడుకున్న వాసనతోనే బయటికొస్తున్నాయి.

గౌరీశ్వరి తనకు తోచినవన్నీ చేసింది. మెషీన్ ఒరిగిందేమోనని ఒక కాలి కింద అట్టముక్క పెట్టింది. పొడి తగ్గించి చూసింది. కుళాయి ధార చాలడం లేదేమోనని పైన ట్యాంకు నిండా నీళ్ళు పెట్టించింది. ఇక ఆ సొరుగును పూర్తిగా బయటికి లాగి చూస్తే సంగతి తేలిపోతుందని చెయ్యి వేసింది గాని, పక్కనే ఎర్ర అక్షరాలు కనబడ్డాయి. "ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేనిదే ఏ భాగమునూ ఊడదీయరాదు. ఊడదీసినచో సంబంధిత ఉద్యోగి జీతము నుండి వసూలు చేయబడును." వేసిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

అనుమతి కావాలంటే ఫిర్యాదుల నంబరుకు ఫోను చేయాలి. చేసింది.

"నమస్కారం మేడం, మీ సమస్య చెప్పండి," అంది అవతల ఒక తియ్యటి గొంతు.

"నీళ్ళు నిల్వ ఉండిపోతున్నాయమ్మా."

"చాలా సంతోషం మేడం."

గౌరీశ్వరి ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, నొక్కిన నంబరు సరైనదేనా అని చూసుకుంది. "సంతోషం కాదమ్మా, అదే సమస్య."

"నీటి నిల్వ జలవనరుల విభాగం కిందికి వస్తుంది మేడం. ఎక్కడ నిల్వ ఉంటున్నాయి?"

"సబ్బు సొరుగులో."

"సబ్బుసొరుగు," అని అవతల టకటకా అక్షరాలు కొట్టిన చప్పుడు. "ఏ మండలం మేడం?"

"చినకొండవలసే గానీ, అది..."

"ఎప్పటి నుంచి నిల్వ ఉంటున్నాయి?"

"వానలు పడ్డ దగ్గర్నుంచీ."

"మధ్యలో ఎండిపోవడం లాంటిది ఏమైనా ఉందా మేడం?"

"అదే కదమ్మా నా ఏడుపు. చుక్క దిగడం లేదు."

"అభినందనలు మేడం, నమోదు చేశాం," అని తియ్యటి గొంతు ఫోను పెట్టేసింది.

అభినందనలెందుకో గౌరీశ్వరికి అర్థం కాలేదు. అర్థం కావాలంటే ఆ ఏడు జిల్లాను ఊపేస్తున్న ఉద్యమం గురించి తెలియాలి. దాని పేరు 'ఊరూరా కొత్త చెరువు'. చెరువు తవ్వడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని కనక, కొత్త చెరువుల్ని 'గుర్తించాలి' అని పైవాళ్ళు తీర్మానించారు. ఇప్పటిదాకా ఎవరి కంటా పడకుండా దాక్కున్న జలాశయాలను మండలానికి ఇన్ని చొప్పున పట్టుకోవాలి. చినకొండవలస అసిస్టెంట్ ఇంజనీరు శివాజీ, రాయి తీసేసిన క్వారీ గుంటలు పట్టుకున్నాడు. బస్టాండు ముందు గొయ్యిని పట్టుకున్నాడు. నీళ్ళు నిలిచే పంచాయతీ ఆఫీసు డాబాను కూడా వదల్లేదు. ఇంత చేసినా లెక్కకు ఒక్కటి తక్కువై, కుర్రవాడికి అన్నం సయించడం లేదు. సరిగ్గా అప్పుడే సబ్బుసొరుగు బయటపడింది.

మర్నాడు శివాజీ రెయిన్‌కోటు వేసుకుని, టేపు భుజాన తగిలించుకుని వచ్చాడు. "సబ్బుసొరుగు ఎక్కడండీ మేడం? ఊళ్ళో ఎవర్నడిగినా తెలీదంటున్నారు."

గౌరీశ్వరి అతణ్ణి వరండాలోకి తీసుకెళ్ళి చూపించింది. అతను సొరుగు వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. ఇంత వానలో ఇంత దూరం రప్పించినందుకు ఇక చివాట్లు తప్పవని ఆమె తలొంచుకుంది. కానీ అతను జేబులోంచి చిన్న స్కేలు తీశాడు.

"నీరు దానంతటదే వచ్చి చేరుతోందా మేడం, మీరు పోస్తున్నారా?"

"మేం పొయ్యడం లేదండీ. దానంతటదే వస్తోంది."

"ప్రవాహం ఉంది," అనుకున్నాడు శివాజీ. "బయటికి కారుతోందా?"

"కారటం లేదు సార్. అదే గొడవ."

"కట్ట గట్టిగా ఉంది." అతని ముఖం విచ్చుకుంటోంది. "దీని మీద ఆధారపడ్డ ఆయకట్టు?"

"దుప్పట్లండి. ఎనభై."

అతను 'ఆయకట్టు: ఎనభై' అని రాసుకున్నాడు. ఎకరాలా దుప్పట్లా అన్నది రాయలేదు. అబద్ధం రాయడం శివాజీకి ఇష్టం ఉండదు.

"ఒక్కసారి ఆ సొరుగు లాగడానికి అనుమతి ఇప్పించండి సార్," అంది గౌరీశ్వరి.

శివాజీ అదిరిపడ్డాడు. "లాగుతారా? గండి కొడతానంటున్నారా మేడం?"

వారం తిరక్కుండా వరండా గోడకు నీలం రంగు బోర్డు బిగించారు. 'సబ్బుసొరుగు జలాశయము. పూర్తిస్థాయి నీటిమట్టము: రెండు అంగుళములు. ఇచ్చట స్నానము చేయరాదు. పశువులను కడుగరాదు. బట్టలు ఉతుకరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.' మెషీన్ చుట్టూ రక్షిత ప్రాంతమని చెప్పి తెల్ల ముగ్గు పోశారు. ఆ గీత వరండా దాటి వంటింట్లోకి వచ్చి, ఎర్రమ్మ రుబ్బురోలును కలుపుకుని, పప్పు డబ్బా దగ్గర ఆగింది.

ఎర్రమ్మకు చదువు రాదు. పిల్లల చేత బోర్డు చదివించుకుంది. "బట్టలుతికే మిసను కాడ బట్టలుతకరాదంటే, మరందులో ఏటి సెయ్యాలమ్మా, పిండి రుబ్బుకోవాలా?" అంది. రుబ్బడమూ కుదరదని, రోలు కూడా గీతలో ఉందని గౌరీశ్వరి చెప్పాల్సి వచ్చింది.

బోర్డుతో పాటు ఒక ఉత్తర్వూ వచ్చింది. చెరువు కాపలాకు, నీటిమట్టం చెప్పడానికి లష్కరు అనే ఉద్యోగి ఉంటాడు. లష్కరు ఉద్యోగాలన్నీ ఖాళీగా ఉన్నందున, వార్డెనే అదనపు బాధ్యతగా లష్కరుగా వ్యవహరించవలెను. ప్రతి సోమవారం ఫోనులో నీటిమట్టం తెలియజేయవలెను. మరీ ముఖ్యంగా, జలాశయం ఎండిపోయిన పక్షంలో, అందుకు కారణమైన కట్టడాన్ని ఆక్రమణగా భావించి తక్షణం తొలగించవలెను.

"కట్టడం అంటే ఏటమ్మా?" అని అడిగింది ఎర్రమ్మ.

"మెషీనే."

ఇక పిల్లలు బావి దగ్గర చన్నీళ్ళలో దుప్పట్లు జాడించుకోవడం మొదలుపెట్టారు. అవి మూడు రోజులకు గాని ఆరడం లేదు, ఆరినా పురుగు చావడం లేదు. హైమ కలానికి చుట్టిన పేలిక లావైంది. ఒక రోజు ఆ పిల్ల, "మేడం, నా పరీక్ష వేరే ఎవరిచేతైనా రాయించొచ్చా?" అని అడిగింది. గౌరీశ్వరికి ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. చీర మార్చుకుని, గొడుగు తీసుకుని, డివిజన్ ఆఫీసుకు బస్సెక్కింది.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రినాథరావు నిండైన మనిషి, నిండైన గొంతు. ఎదురుగా ఒక్కరే కూర్చున్నా సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు. గౌరీశ్వరి చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మా, మీ ఆవేదన మా దృష్టికి వచ్చినది. అయితే సదరు జలాశయము ఇదివరకే పైకి నివేదించబడినది. ఒకసారి నివేదించబడిన నీరు, నీరే."

"పిల్లలకి గజ్జి సార్. చేతులు చూస్తే అన్నం తినబుద్ధెయ్యదు."

"గజ్జి వైద్యశాఖ పరిధిలోని అంశము. మన పరిధి నీటి వరకే."

"పోనీ ఆ మెషీన్ లోపల ఏం అడ్డుపడిందో చూడనివ్వండి సార్. ఒక్క నిమిషం పని."

"ఆ నిమిషము ఏ పద్దు కింద చూపగలము?" అని ఆయన నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు గౌరీశ్వరి కోసం కాదు. ఆయన చూపు గోడ మీది పెద్ద పోస్టరు మీద ఉంది. 'పూడికతీత వారోత్సవాలు' అని ఉంది అందులో. ఎండాకాలంలో జరగాల్సిన వారోత్సవాలకు ఆమోదం నడి వానాకాలంలో వచ్చింది. చెరువులన్నీ పొంగిపొర్లుతున్నాయి. ఏ చెరువులో దిగి పూడిక తీస్తున్నట్టు ఫోటో దిగాలో తెలియక త్రినాథరావుగారు రెండు రోజులుగా మథనపడుతున్నారు.

గౌరీశ్వరి కూడా పోస్టరు చూసింది. కాసేపు చూసింది.

"సార్, మా చెరువులో పూడిక ఉందండి. చాలా ఉంది. దానివల్లే నీళ్ళు తూములోకి దిగడం లేదేమోనని నా అనుమానం."

త్రినాథరావు కళ్ళు తెరిచారు.

"బురదలో దిగక్కర్లేదు సార్. ప్యాంటు మడవక్కర్లేదు. వాన పడకుండా పైన రేకులు కూడా ఉన్నాయి."

శుక్రవారం ఉదయం వరండాలో రిబ్బను కట్టారు. మెషీన్‌కు బంతిపూల దండ వేశారు. నివేదికలో 'వినియోగించిన యంత్రసామగ్రి: పళ్ళ బ్రష్షు, ఒకటి' అని శివాజీ ముందే రాసిపెట్టుకున్నాడు. త్రినాథరావుగారు కొబ్బరికాయ కొట్టి, జలసంపద గురించి అరగంట ప్రసంగించి, చప్పట్ల మధ్య సొరుగును పట్టి బయటికి లాగారు.

సొరుగులో ఒక అర మీద చిన్న మూత ఉంది. మూత ఊడదీస్తే, కింద నీళ్ళు దిగే సన్నటి గొట్టం. ఆ గొట్టం నిండా పాత సబ్బు పేరుకుని జున్నులా గట్టిపడి ఉంది. దాన్ని చూడగానే త్రినాథరావుగారి ముఖంలో ఏదో మారింది. ఎంతైనా ఇంజనీరు కదా. "తూము పూడిపోయిందయ్యా శివాజీ," అన్నారు మామూలు మనిషి గొంతుతో. బ్రష్షు ఎవరికీ ఇవ్వలేదు. చొక్కా చేతులు పైకి లాక్కుని, కుళాయి కింద తనే తోమారు. గొట్టంలోంచి నీళ్ళు అవతలికి దూకగానే పిల్లలతో పాటు ఆయనా నవ్వారు. తర్వాత ఫోటోగ్రాఫరు గుర్తొచ్చి నవ్వు ఆపేశారు.

తీసిన పూడికను నిబంధనల ప్రకారం ఆయకట్టుదారులకు ఉచితంగా పంచాలి. ఎర్రమ్మ దాన్ని సత్తు గిన్నెలోకి ఎత్తుకుని, ఆ పూట అంట్లన్నీ తోముకుంది.

"మరి బోర్డు మీద బట్టలుతకరాదని ఉంది కద సార్?" అని గౌరీశ్వరి భయంభయంగా అడిగింది.

"బట్టలుతుకుట వేరు, ఆయకట్టుకు నీటి విడుదల వేరు," అన్నారు ఆయన జీపెక్కుతూ. "విడుదల చేసుకోండి."

ఆ రోజు మొదలై ఆదివారం మధ్యాహ్నం దాకా విడుదల సాగింది. విడత విడతకూ మెషీన్ తలుపు తీస్తే ఆవిరి కొట్టింది. వేడి దుప్పట్లు వరండా నిండా, మెట్ల మీద, కిటికీ ఊచల మీద వేలాడాయి. పిల్లలందరికీ మెడ నుంచి పాదం దాకా మందు రాయించి, ఉతికిన బట్టలు తొడిగించింది గౌరీశ్వరి. సబ్బు వాసనకు ఆమెకు కడుపు నిండిపోయింది.

సోమవారం పొద్దున్న సొరుగు లాగి చూసింది. తడి కూడా లేదు. శుభ్రంగా, పొడిగా, కొత్త పళ్ళెంలా మెరుస్తోంది. అప్పుడు గాని ఆమెకు ఉత్తర్వులోని ఆఖరి మాట గుర్తు రాలేదు. జలాశయం ఎండిపోయిన పక్షంలో. ఇంతకాలం నీళ్ళు దిగలేదని ఏడ్చింది, ఇప్పుడు దిగిపోయాయని ఏడవాలి. మెషీన్ బాగుపడింది కనక మెషీన్ పోతుంది. ఏం చేయాలో తోచక మందు డబ్బా తీసి, హైమను పిలిచి ఆ పిల్ల చేతికి రాయడం మొదలుపెట్టింది.

ఆ సమయానికే శివాజీ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. గౌరీశ్వరి చేతికి మందు అంటుకుని ఉంది, ఎదురుగా హైమ చెయ్యి చాచి కూర్చుని ఉంది. ఎర్రమ్మ చెయ్యి తుడుచుకుని ఫోను ఎత్తింది.

"సబ్బుసొరుగులో నీళ్ళెలా ఉన్నాయమ్మా?"

వంటింట్లో పుట్టి పెరిగిన ఏ ఆడమనిషీ అడిగినవాడి ముఖాన 'లేవు' అనదు. బియ్యం అయిపోతే లేవనదు, ఉప్పు అయిపోతే అయిపోయిందనదు. అలా అంటే ఇంట్లో నిజంగానే ఏమీ మిగలదని భయం. అందుకని ఖాళీ డబ్బా ముందు నిలబడి కూడా నిండు మాటే వాడుతుంది. ఎర్రమ్మా అదే వాడింది.

"నీలు నిండుకున్నాయి బాబూ."

"నిండుకున్నాయా," అన్నాడు శివాజీ. గొంతులో ఆనందం పొంగింది. "పూడిక తీసిన మూడో రోజుకే నిండుకున్నాయంటే, వెరీ గుడ్. వార్డెన్ మేడంకి ఒకసారి ఇవ్వండి."

శివాజీ పెళ్ళికాని కుర్రాడు, మెస్సులో తింటాడు. గౌరీశ్వరి మోచేత్తో ఫోను చెవికి ఆనించుకుంది. అది కాదు సార్ అనడానికి నోరు తెరిచింది కూడా. ఎదురుగా హైమ వేళ్ళ మధ్య పుండ్లు ఎండి పొక్కు కడుతున్నాయి.

"నిజమేనా మేడం? రాసుకోమంటారా?"

"నిజమేనండి," అంది గౌరీశ్వరి. "పూర్తిగా నిండుకున్నాయి."

ఫోను పెట్టేశాక ఎర్రమ్మ ఆమె ముఖం చూసి బెదిరింది. "ఏటమ్మా, నానేటి తప్పు సెప్పీసినానా?"

"లేదు ఎర్రమ్మా. ఉన్నమాటే చెప్పావు."

అప్పట్నుంచి సోమవారం సోమవారం శివాజీ అడగడం, గౌరీశ్వరి నిండుకున్నాయనడం, అతను 'పూర్తిస్థాయి నీటిమట్టం' అని పైకి పంపడం అలవాటైపోయింది. వానలు వెళ్ళిపోయాయి. చలి వచ్చింది, పోయింది. మిగతా చెరువుల నీటిమట్టం గీతలు కాగితం మీద కిందికి జారుతుంటే సబ్బుసొరుగు గీత మాత్రం బల్లపరుపుగా సాగిపోయింది. మెషీన్ వారానికి రెండు విడతలు ఆవిరి కక్కింది. హైమ పరీక్ష తన చేత్తో తనే రాసుకుంది.

ఎండలు ముదిరే వేళకు జిల్లా కేంద్రంలో సన్మాన సభ పెట్టారు. ఉత్తమ జలాశయం సబ్బుసొరుగు, ఉత్తమ లష్కరు వార్డెన్ గౌరీశ్వరి. ఆమె ఎర్రమ్మనూ కొందరు పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్ళింది. వెనక వరసల్లో వేరే హాస్టళ్ళ వంటమనుషులు, అంగన్‌వాడీ ఆయాలు బారుగా కూర్చున్నారు. జనాన్ని నింపమని పైవాళ్ళు చెప్తే బస్సుల్లో ఎక్కించుకొచ్చారు.

వేదిక పక్కన శివాజీ ఎదురయ్యాడు. మాఘమాసంలో పెళ్ళయింది. కాస్త ఒళ్ళు చేశాడు, కానీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమెను పక్కకు పిలిచాడు.

"మేడం, ఈ పొద్దున మా ఆవిడ పంచదార నిండుకుందంది. సరే కదా అని కాఫీకి కూర్చున్నాను. డబ్బా తెచ్చి నా ముందు బోర్లించి చూపించింది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మేడం, మరి మీరు ఇన్నాళ్ళూ..."

"అదేనండి," అంది గౌరీశ్వరి. "ఒక్క సోమవారం కూడా అబద్ధం చెప్పలేదు."

శివాజీ వేదిక వంక చూశాడు, శాలువాల పళ్ళెం వంక చూశాడు, ఎదుట వరసలో తన కొత్త పెళ్ళాం వంక చూశాడు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. మైకు త్రినాథరావుగారి చేతికి వచ్చింది.

"సోదర సోదరీమణులారా. పెద్ద పెద్ద చెరువులే అడుగంటిన ఈ మండు వేసవిలో సైతము, ఒక చిన్న జలాశయము, ఒక మారుమూల జలాశయము, వారము వారము నిండుకున్నది. నిరాటంకముగా నిండుకున్నది. ఈ శుభసందర్భమున, మన జిల్లాలోని సమస్త చెరువులూ, బావులూ సబ్బుసొరుగు వలెనే నిండుకోవాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను."

వెనక వరసల్లో ఆడవాళ్ళ చేతులన్నీ ఒక్కసారిగా నోళ్ళ మీదికి వెళ్ళాయి. శివాజీ భార్య మొగుడి వంక గుడ్లురిమి చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"అదేటి మాటమ్మా, పెద్దాయన అంత మాట అనీసినారు," అని ఎర్రమ్మ గొణిగింది. "పైన తథాస్తు దేవతలుంటారు గదా."

ముందు వరసల్లో చప్పట్లు మోగుతున్నాయి. గౌరీశ్వరి పక్కన హైమ కూడా, రెండు చేతులూ గట్టిగా కలిపి, కొడుతూనే ఉంది.